తిన్నింటి వాసాలు, నిద్రపట్టని రాత్రులు

చేసిన మేలు మరిచినవాణ్ణి తెలుగులో తిన్నింటి వాసాలు లెక్కపెట్టేవాడంటాం. ఆ మాటలో ఒక పడక దాగి ఉంది. వెల్లకిలా పడుకుని, రెప్పలు మూతపడక, పైకప్పుకేసి చూసేవాడికే వాసాలు ఒక్కొక్కటిగా కనిపిస్తాయి. అన్నం పెట్టిన ఇంట్లోనే, కడుపు నిండిన తర్వాతే, ఆ ఇంటి ఆస్తి ఎంతుంటుందో లెక్క వేస్తూ మేలుకుని ఉన్న మనిషి బొమ్మ అది. ఆ సామెత పుట్టించినవాళ్లు నిద్ర గురించి ఆలోచించి ఉండకపోవచ్చు. అయినా కృతఘ్నతనూ మెలకువనూ ఒకే చాప మీద పడుకోబెట్టారు.

మరి దీన్ని తిరగేస్తే ఏమవుతుంది? రోజు ముగిసే వేళ తనకు అందిన మేలును తలచుకున్నవాడికి నిద్ర బాగా పడుతుందా? ఇరవై ఏళ్లకు పైగా మనస్తత్వ శాస్త్రజ్ఞులు ఈ ప్రశ్నను పరీక్షకు పెడుతున్నారు. ఈలోగా పత్రికలూ ఫోన్ యాప్‌లూ దాన్ని ఒక చిట్కాగా మార్చేశాయి. చిట్కాగా మారిన ప్రతి విషయానికీ రెండు ప్రమాదాలుంటాయి. నమ్మేవాళ్లు అందులో లేనిదాన్ని కూడా నమ్ముతారు, నమ్మనివాళ్లు ఉన్న నిజాన్ని కూడా తోసేస్తారు. అందుకే రెండు పక్షాలనూ ఎదురెదురుగా కూర్చోబెడుతున్నాను. ఇద్దరూ నేను ఊహించినవాళ్లే. ఒకరు లెక్కల మాస్టారుగా పనిచేసి రిటైరైన మావయ్య. పడుకునే ముందు కృతజ్ఞత నిద్రకు మేలు చేస్తుందన్నది ఆయన పక్షం. రెండోవారు ఆయన మేనకోడలు, వృత్తిరీత్యా డాక్టరు. ఆ మాటకు ఇస్తున్న విలువ దాని రుజువుకు మించినదని ఆమె పక్షం. ఇద్దరూ కోరేది మాత్రం ఒకటే: మనిషికి కంటినిండా నిద్ర పట్టాలి.

మేనకోడలు: మావయ్యా, నా అభ్యంతరం ముందే చెప్పేస్తాను. నిద్ర శరీర ధర్మం. మెలకువగా ఉన్న గంటలు పెరిగేకొద్దీ మెదడులో నిద్ర ఒత్తిడి పేరుకుంటుంది. చీకటి పడ్డాక శరీరంలోని గడియారం మెలటోనిన్ విడుదలకు సైగ చేస్తుంది. ఈ రెండూ కలిసిన వేళ కన్ను మూతపడుతుంది. ఆకలి రుచెరుగదు, నిద్ర సుఖమెరుగదు అని మన పెద్దలు ఊరికే అనలేదు. పొద్దంతా మట్టి మోసిన కూలీ ఎవరినీ ప్రత్యేకంగా తలచుకోకుండానే కటిక నేల మీద నిద్రపోతాడు. నిద్రపట్టని వాళ్లలో చాలామందికి వేరే కారణాలుంటాయి. గురక వెనక దాగిన స్లీప్ ఆప్నియా, సాయంత్రం తాగిన కాఫీ, వారానికొకసారి మారే షిఫ్టు, థైరాయిడ్, మోకాళ్ల నొప్పి, డిప్రెషన్. వాళ్లను కూర్చోబెట్టి, ఈరోజు మీకు జరిగిన మూడు మంచి విషయాలు రాసుకోండి అనడం, కాలు విరిగి వచ్చినవాణ్ణి మంచి మాటతో ఇంటికి పంపినట్టే. మంచి మాట మంచిదే, కానీ దానితో ఎముక అతకదు.

మావయ్య: నువ్వు చెప్పిన కారణాల్లో ఒక్కదాన్నీ కాదనను తల్లీ. నిద్రలో ఊపిరి ఆగిపోయేవాడికి డాక్టరే కావాలి. అయితే నీ జాబితాలో ఒక మనిషిని వదిలేశావు. ఒళ్లు అలిసింది, చీకటి పడింది, కాఫీ ముట్టలేదు, జబ్బేమీ లేదు, అయినా నిద్ర రాదు. ఉద్యోగ పర్వంలో ధృతరాష్ట్రుడి సంగతి అదే. పాండవుల దగ్గరకు రాయబారం వెళ్లిన సంజయుడు తిరిగి వచ్చి, రాజును మందలించి, ధర్మరాజు చెప్పి పంపిన మాట రేపు సభలో చెబుతానని ఇంటికి వెళ్లిపోతాడు. రేపు ఏం వినవలసి వస్తుందో తెలియక ఆ రాజుకు ఒళ్లంతా మంటలెత్తుతుంది, కునుకు రాదు, విదురుణ్ణి పిలిపిస్తాడు. అక్కడ పడకలో లోపం లేదు, శరీరంలోనూ లేదు. ఆయన్ను మేల్కొలిపింది రేపటి తలపు. 2002లో ఆలిసన్ హార్వే అనే శాస్త్రవేత్త నిద్రలేమి ఎలా ముదురుతుందో వివరించినప్పుడు చెప్పింది కూడా దాదాపు ఇదే. మంచమెక్కాక తిరిగే దిగులు శరీరాన్ని హెచ్చరిస్తుంది. హెచ్చరిక అందుకున్న శరీరం ప్రతి చిన్న గుర్తునూ గమనిస్తుంది, గడియారం ఎంతయిందో చూస్తుంది. గడియారం చూడగానే దిగులు ఇంకాస్త పెరుగుతుంది. నేను కృతజ్ఞతకు అడుగుతున్న చోటు ఈ గిరగిర తిరుగుడులో ఒక్క జానెడు. తక్కినదంతా నీ వైద్యానికే వదిలేస్తున్నాను.

మేనకోడలు: మంచి సాక్షినే పిలిచారు, కానీ ఆయన నా తరఫున సాక్ష్యం చెబుతున్నాడు. విదురుడు వచ్చి ఏమన్నాడు? బలవంతుడితో తలపడిన బలహీనుడికీ, ఉన్నదంతా పోగొట్టుకున్నవాడికీ, కాముకుడికీ, దొంగకీ రాత్రి నిద్ర ఉండదు. ఈ దోషాల్లో ఏదైనా నిన్ను అంటిందా, పరుల సొమ్ము మీద ఆశపడి కుమిలిపోతున్నావా అని అడిగాడు. అంటే రోగ కారణాన్ని పట్టుకున్నాడు. పాండవుల భాగం పాండవులకు ఇచ్చేస్తే నిద్ర దానంతటదే వస్తుంది. అలా కాకుండా, నీకు నూరుగురు కొడుకులున్నారు, సింహాసనం ఉంది, వాటిని తలచుకుని పడుకో అని చెప్పి ఉంటే అది వైద్యమయ్యేదా, మోసమయ్యేదా? కొన్ని రాత్రుల మెలకువ మనస్సాక్షి వేసే కేక. వడ్డీ తీరని రైతుకీ, మూడు నెలలుగా జీతం అందని ఉద్యోగికీ పట్టని నిద్ర, లోకంలో ఏదో సరిగా లేదన్న సమాచారం. ఆ సమాచారాన్ని జోలపాటతో కప్పేస్తే మనిషి నిద్రపోవచ్చు, కానీ అన్యాయం కూడా హాయిగా నిద్రపోతుంది. ఈ చిట్కాను కంపెనీలు తమ ఉద్యోగులకు ఇష్టంగా నేర్పుతున్నప్పుడు నాకు అనుమానం కలిగేది ఇక్కడే.

మావయ్య: నీ అనుమానం న్యాయమైనదే. అయితే ఆ అనుమానం కృతజ్ఞత మీదా, కృతజ్ఞత వేషం వేసుకున్న సర్దుబాటు మీదా? మాటనే విడదీసి చూడు. కృతం అంటే చేసినది, జ్ఞ అంటే ఎరిగినవాడు. నాకు ఎవరేం చేశారో ఎరిగి ఉండడం, అంతే. సంతోషించమని అందులో లేదు, బాధను మరిచిపొమ్మనీ లేదు. అది ఒక తెలివిడి. ధృతరాష్ట్రుడికి ఆ రాత్రి నిజమైన కృతజ్ఞత కలిగి ఉంటే ఏమయ్యేదో ఆలోచించు. పాండురాజు అడవికి వెళ్లబట్టే తన చేతికి రాజ్యం వచ్చింది. గంధర్వులు బంధించి తీసుకుపోతున్న దుర్యోధనుణ్ణి విడిపించింది అరణ్యవాసంలో కష్టపడుతున్న ఆ పాండవులే. ఈ రెండూ ఎరిగినవాడు వాళ్ల భాగం బిగబట్టుకుని కూర్చోగలడా? నిజంగా ఎరిగితే కృతజ్ఞత న్యాయం వైపే తోస్తుంది. సింహాసనాన్నీ కొడుకులనూ తలచుకోమనడం ఉన్న ఆస్తిని లెక్కపెట్టుకోవడం. అది వాసాల లెక్కే. చేసినవాడు కనబడని చోట కృతజ్ఞత లేదు.

ఇంకో మాట. కిరాణా కొట్టు షావుకారు తలుపులు వేసేముందు చిట్టా కడతాడు. జమ ఒకవైపు, ఖర్చు ఒకవైపు. రాత్రి మంచం మీద మన మనసు కట్టే చిట్టాలో ఖర్చు పక్కే నిండుతుంది. ఎవరు ఏమన్నారు, ఏ పని ఆగిపోయింది, ఏ మాట జారాం. 2001లో రాయ్ బామైస్టర్, మరికొందరు కలిసి అనేక రంగాల్లోని పరిశోధనలను ఒకచోట చేర్చి, మంచికంటే చెడు మనసు మీద బలంగా పనిచేస్తుందని చూపించారు. ప్రాణం కాపాడుకోవడానికి అది ఒకప్పుడు పనికొచ్చి ఉండొచ్చు. నిద్రకు మాత్రం పనికిరాదు. జమ పక్క కూడా రాయడం వల్ల ఖర్చు కొట్టివేయబడదు, లెక్క సరవుతుంది. ఒక్క పక్కే రాసిన చిట్టాను నువ్వూ నిజమైన లెక్క అనవు కదా?

మేనకోడలు: పోలిక బాగుంది. కానీ మీరు లెక్కల మాస్టారు, పోలికతో లెక్క తేలదని మీరే పిల్లలకు చెప్పి ఉంటారు. రుజువు చూపించండి.

మావయ్య: చూపిస్తాను. 2003లో రాబర్ట్ ఎమ్మన్స్, మైకేల్ మెకల్లో ప్రచురించిన ప్రయోగాల్లో ఒకటి నరాల, కండరాల జబ్బులతో బాధపడుతున్న 65 మంది మీద జరిగింది. కొందరు 21 రోజులపాటు రోజూ తాము కృతజ్ఞత చూపదగిన విషయాలు రాశారు, తక్కినవాళ్లు అవి లేకుండా తమ దినచర్య ప్రశ్నలకే జవాబులిచ్చారు. కృతజ్ఞత రాసినవాళ్లు ఎక్కువసేపు నిద్రపోయామనీ, లేచేసరికి ఒళ్లు తేలికగా ఉందనీ చెప్పారు. వాళ్లు సుఖాల్లో తేలుతున్నవాళ్లు కారు, తగ్గని జబ్బుతో బతుకుతున్నవాళ్లు. ఆ తర్వాత 2009లో అలెక్స్ వుడ్, ఆయన సహచరులు 401 మందిని పరిశీలించారు. వాళ్లలో 40 శాతం మందికి నిద్ర వైద్యం అవసరమయ్యేంత దెబ్బతిని ఉంది. కృతజ్ఞతా స్వభావం ఎక్కువ ఉన్నవాళ్లకు నిద్ర త్వరగా పట్టడం, ఎక్కువసేపు ఉండడం, పగలు మగత తక్కువగా ఉండడం కనిపించింది. వాళ్ల ఇతర స్వభావ లక్షణాలను లెక్కలోకి తీసుకున్నా ఆ సంబంధం చెదరలేదు. అన్నిటికంటే ముఖ్యం, అది ఎలా జరుగుతుందో కూడా చూశారు. నిద్రకు ముందు వచ్చే తలపుల ద్వారా. మంచమెక్కాక చేదు తలపులు తగ్గి, మంచి తలపులు పెరగడమే కృతజ్ఞతనూ నిద్రనూ కలిపే వంతెన. నేను జానెడు చోటు అడిగానే, అది ఈ వంతెన దగ్గరే.

మేనకోడలు: వంతెన ఉంది, కానీ ఏ వైపు నుంచి ఏ వైపుకు నడుస్తున్నారో వుడ్ పరిశీలన చెప్పదు. బాగా నిద్రపోయినవాడికి తెల్లారి లోకం మంచిగా కనిపిస్తుంది, కృతజ్ఞత సులువుగా వస్తుంది. నిద్ర వల్లే కృతజ్ఞత అని కూడా అదే లెక్కతో చెప్పొచ్చు. పైగా ఇవన్నీ మనిషి తన నిద్ర గురించి తాను చెప్పుకున్న మాటలు, తలకు తీగలు తగిలించి కొలిచినవి కావు. 2020లో ఒక సమీక్ష ఇలాంటి ప్రయోగాలను ఒకచోట పేర్చి చూసింది. నిద్ర నాణ్యతను అడిగిన 8 అధ్యయనాల్లో 5 మాత్రమే మెరుగుదల చూపాయి. 2011లో డిగ్డన్, కోబుల్ చేసిన ప్రయోగం ఇంకా చెప్పుకోదగ్గది. ఆలోచనలతో నిద్రపట్టని 41 మంది విద్యార్థులను మూడు గుంపులు చేశారు. ఒక గుంపు కృతజ్ఞత రాసింది. ఒక గుంపు తన దిగుళ్లనూ వాటికి పరిష్కారాలనూ రాసింది. మరో గుంపు ప్రశాంతమైన దృశ్యాలను ఊహించుకుంది. మూడు గుంపులకూ నిద్ర మెరుగైంది, ఏదీ మరొకదాన్ని మించలేదు. మరి కృతజ్ఞతకు ప్రత్యేకత ఏముంది? ఒక తోటను ఊహించుకున్నా చాలు కదా?

మావయ్య: మొదటి మాటకు ముందు. ఏ వైపు నుంచి ఏ వైపుకో తేల్చాలంటే చీట్లు వేసి గుంపులు విడదీయాలి. 2016లో ప్రచురితమైన మార్తా యాకోవ్‌స్కా బృందం పరిశోధన అలాంటిదే. 119 మంది యువతులను మూడు గుంపులుగా విడదీశారు. రెండు వారాలు కృతజ్ఞత రాసినవాళ్లకు నిద్ర నాణ్యత మెరుగుపడింది, రక్తపోటులో కింది అంకె కూడా తగ్గింది. రక్తపోటు మనిషి నోటిమాటతో తగ్గేది కాదు కదా. ఇక మనిషి మాట మీద నమ్మకం సంగతి. నిద్రలేమి అనే జబ్బును మీరు గుర్తించేదే రోగి చెప్పిన బాధను బట్టి. జబ్బుకు ఒప్పుకున్న సాక్ష్యం, ఉపశమనానికి చెల్లదనడం ఎలా? ఎనిమిదింట అయిదు అన్నావు. అది అద్భుతం కాదు, నేనూ అద్భుతమని అనలేదు. డబ్బు ఖర్చు లేని, మాత్ర మింగనక్కరలేని పనికి ఆ పాటి ఫలితం తీసిపారేయదగ్గదీ కాదు.

మూడు గుంపులూ సమానమన్న నీ ఉదాహరణ నా వాదాన్ని బలపరుస్తోంది. నిద్రకు ముందు మనసు ఏ దారిన పోతుందన్నదే అసలు విషయమని అది మరోసారి చెబుతోంది. తోటను ఊహించుకున్నా నిద్ర రావచ్చు. కానీ తెల్లారాక ఆ తోట మిగలదు. కృతజ్ఞత మిగులుతుంది. రాత్రి ఒకరి మేలును గుర్తించినవాడు పొద్దున ఆ మనిషితో మాట్లాడే తీరు మారుతుంది. పగలు మాటలు చెడకపోతే, రాత్రి నెమరువేసుకోవలసిన చేదు కూడా తగ్గుతుంది. నిద్రమాత్ర ఆ రాత్రికే పనిచేస్తుంది. ఇది మర్నాటి పగటి ద్వారా మర్నాటి రాత్రికి చేరుతుంది.

మేనకోడలు: అయితే నా దగ్గరున్న గట్టి సాక్ష్యం ఇప్పుడు బయటపెడతాను. 2018లో బేలర్ విశ్వవిద్యాలయానికి చెందిన మైకేల్ స్కల్లిన్ బృందం 57 మంది యువతీయువకులను నిద్రను కొలిచే ప్రయోగశాలలో పడుకోబెట్టింది. పడుకునే ముందు 5 నిమిషాలు రాయమన్నారు. సగంమంది రాబోయే రోజుల్లో చేయవలసిన పనులు రాశారు. తక్కినవాళ్లు ఇటీవల పూర్తిచేసిన పనులు రాశారు. తలకు తీగలు పెట్టి కొలిస్తే, చేయవలసినవి రాసినవాళ్లకు సుమారు 9 నిమిషాలు ముందుగా నిద్రపట్టింది. ఎంత వివరంగా రాస్తే అంత త్వరగా పట్టింది. చూడండి, గడిచిన రోజులోని మంచిని తలచుకున్నవాళ్లు వెనకబడ్డారు. రేపటి బరువును కాగితం మీద దించినవాళ్లు ముందు నిద్రపోయారు. ధృతరాష్ట్రుణ్ణి మేల్కొలిపింది రేపటి తలపేనని మీరే అన్నారు. అలాంటప్పుడు నిన్నటి మేలు తలచుకుంటే రేపటి భయం ఎలా పోతుంది? మీ వంతెన మీద నడవాలంటే ముందు రేపటిని దించాలి.

మావయ్య: ఈ దెబ్బ నాకు తగిలింది, ఒప్పుకుంటాను. దీనితో నా మాటను సవరించుకుంటున్నాను. రేపటి పనిని తలలో పెట్టుకుని, పైన కృతజ్ఞత అనే దుప్పటి కప్పితే నిద్ర రాదు. లోపలి గంట మోగుతూనే ఉంటుంది. అందుకే ముందు రేపటి పనుల కాగితం, తర్వాత ఈరోజు జమ. ఈ వరసను నా పక్షంలోకి చేర్చుకుంటాను. అయినా ఆ ప్రయోగంలో ఒక తేడా గమనించు. పూర్తిచేసిన పనుల జాబితా నేను చేసిన పనుల జాబితా. అందులో కర్త నేనే. నేను చేసినవి రాస్తుంటే, చేయనివి గుర్తుకు రావడం సహజం. కృతజ్ఞత జాబితాలో కర్త మారిపోతాడు. నాకు ఎవరు చేశారు అన్నది ప్రశ్న. 2005లో మార్టిన్ సెలిగ్‌మన్ బృందం రోజుకు మూడు మంచి విషయాలు రాయమన్నప్పుడు, అవి ఎందుకు జరిగాయో కూడా రాయమన్నారు. ఆ 'ఎందుకు' దగ్గరే ఇంకొక మనిషి కనబడతాడు.

ఇక్కడే కృతజ్ఞతకూ నిద్రకూ ఉన్న లోతైన సంబంధం ఉందనుకుంటాను. దిగులుకు ఒక వ్యాకరణం ఉంది. అందులో ప్రతి వాక్యానికీ నేనే కర్త. నేను చేయాలి, నేను చూసుకోవాలి, నేను తప్పితే అన్నీ ఆగిపోతాయి. లోకమంతా తన రెండు చేతుల మీద నిలబడి ఉందనుకునేవాడు ఆ చేతులు దించలేడు. నిద్ర అంటే చేతులు దించడమే. ఈరోజు నా బరువును ఇంకెన్ని చేతులు మోశాయో ఎరిగినప్పుడే, రాత్రికి నా చేతులు దించినా ఏమీ కూలిపోదని మనసు ఒప్పుకుంటుంది.

మేనకోడలు: ఆ మాట నాకు నచ్చింది మావయ్యా. కానీ చేసే తీరులో ఇంకా రెండు చిక్కులున్నాయి. నిద్ర కోసం ప్రయత్నించేకొద్దీ నిద్ర దూరమవుతుంది. 1996లో డేనియల్ వెగ్నర్, ఆయన సహచరులు చేసిన ప్రయోగంలో, కవాతు సంగీతం వినిపిస్తూ వీలైనంత త్వరగా నిద్రపొమ్మని తొందరపెట్టినవాళ్లకు నిద్ర ఆలస్యమైంది. రాత్రి పదకొండింటికి, నాకు నిద్ర రావాలి కాబట్టి ఇప్పుడు కృతజ్ఞత తెచ్చుకోవాలి అని కూర్చునేవాడు కూడా అలాంటి కవాతే చేస్తున్నాడు. మూడు మంచి విషయాల్లో రెండే దొరికితే మూడోదాని కోసం మళ్లీ మెలకువ. రెండో చిక్కు అలవాటుది. సోన్యా ల్యూబోమిర్‌స్కీ బృందం 2005లో చెప్పిన ఫలితాల్లో, వారానికి ఒకసారి తమకు అందిన మేళ్లను లెక్కించినవాళ్లకు సంతోషం పెరిగింది, వారానికి మూడుసార్లు లెక్కించినవాళ్లకు పెరగలేదు. రోజూ చేసేది బడిలో హాజరు పిలిచినట్టు తయారవుతుంది. పేరు పలుకుతుంది, మనిషి కనబడడు.

మావయ్య: రెండు చిక్కులకూ విరుగుడు ఒక్కటే: చిన్నదిగా, వివరంగా, ఫలితం ఆశించకుండా చేయడం. నాకు ఆరోగ్యం ఉంది, కుటుంబం ఉంది అని రోజూ రాసేవాడికి వారం తిరిగేసరికి ఆ మాటలు అరిగిపోతాయి. ఆర్టీసీ బస్సులో కండక్టర్ దిగవలసిన స్టాపు గుర్తుచేసి లేపాడు అని రాస్తే, అది ఆ రోజుదే, మళ్లీ రాదు. వివరం ఉన్నచోట హాజరుపట్టీ ఉండదు. మూడు దొరకాలన్న నియమం వద్దు. ఒక్కటి దొరికినా సరే, అది కళ్లముందు ఆడితే చాలు. ఏ రోజైనా ఏమీ దొరకకపోతే మానేయొచ్చు. అది పరీక్ష కాదు. నిద్ర రావాలని చేస్తే కవాతే అవుతుందన్న నీ మాట నిజం. షావుకారు చిట్టా కట్టేది నిద్ర కోసం కాదు, లెక్క కోసం. లెక్క తేలిన తర్వాత నిద్ర దానంతటదే వస్తుంది. అందుకే ఇది మంచమెక్కకముందే, భోజనమయ్యాక, దీపం ఉండగానే చేయాలంటాను. మంచం మీదికి కాగితం కలం తీసుకుపోవద్దు, ఫోన్ అసలే వద్దు.

మేనకోడలు: చివరి అభ్యంతరం. మన ఇళ్లలో థాంక్యూ అనే మాట ఉండదు. దాని బదులు రుణం అనే మాట ఉంటుంది. నీ రుణం తీర్చుకోలేనంటాం. మేలు పొందడమంటే అప్పుపడడం. అప్పులేనివాడు అధిక సంపన్నుడని కూడా మనమే అంటాం. రాత్రిపూట తీర్చుకోలేని రుణాలను తలచుకుంటే నిద్ర వస్తుందా, ఉన్నది పోతుందా? పైగా ఈ రుణం అందరి మీదా సమానంగా పడదు. ఇంట్లో అందరూ పడుకున్నాక గిన్నెలు తోమి, పొద్దున అందరికంటే ముందు లేచే ఆడదానికి చిన్నప్పటినుంచీ చెప్పేది, నీకు మంచి ఇల్లు దొరికింది, మంచి మొగుడు దొరికాడు, అదృష్టవంతురాలివి అనే. ఆమె నిద్ర తగ్గింది కృతజ్ఞత చాలక కాదు, గంటలు చాలక. ఆమె చేతికి ఇంకో నోటుబుక్కు ఇచ్చి రాయమనడం ఇంకో పని పెట్టడమే.

మావయ్య: ఆమె చేతికి కాదు, ఆ ఇంట్లో తక్కినవాళ్ల చేతికి ఇవ్వాలి ఆ నోటుబుక్కు. ఎవరేం చేశారని నిజంగా రాస్తే, ప్రతి ఇంటి చిట్టాలోనూ జమ పక్కన మొదట పడే పేరు ఆమెదే. గిన్నెలు ఎవరు తోమారో పదిరోజులు వరసగా రాసినవాడు పదకొండో రోజు తోమకుండా ఎలా పడుకుంటాడు? కృతజ్ఞత కింద ఉన్నవాళ్ల నుంచి పైవాళ్లు రాబట్టే పన్ను అయితే అది నీచం. పైనున్నవాడి కళ్లు తెరిపించే లెక్క అయితే అది మేలు. రుణం గురించి కూడా అంతే. అప్పిచ్చినవాడు రాసుకునే కాగితంలో రుణం అంటే బరువు. పొందినవాడు తనంతట తాను ఎరిగినప్పుడు అది బంధం. తీర్చేయాలన్న తొందర పుడితే అది ఇంకా అప్పే. ఇంకొకరికి ఇలాగే చేయాలన్న తలపు పుడితే అది కృతజ్ఞత. అమ్మ రుణం తీరదని ఎంతమంది అనుకోలేదు? ఆ మాట అనుకుంటే ఎవరికీ నిద్ర చెడలేదు.

మేనకోడలు: అయితే ఒక షరతుతో ఒప్పుకుంటాను. వారానికి మూడు రాత్రులకు తగ్గకుండా, మూడు నెలలుగా నిద్ర పట్టనివాడు నోటుబుక్కుతో ఆగిపోకూడదు. అలాంటి దీర్ఘకాలపు నిద్రలేమికి పెద్దవాళ్లలో మొదట ఇవ్వవలసిన చికిత్స, నిద్ర అలవాట్లనూ ఆలోచనలనూ సరిచేసే మానసిక చికిత్సేనని అమెరికన్ కాలేజ్ ఆఫ్ ఫిజిషియన్స్ 2016లో సిఫారసు చేసింది. మాత్రలు ఆ తర్వాతే. మనసు కుంగిపోయి ఉన్నవాడికి మేళ్లు లెక్కపెట్టుకోమని చెబితే, ఇన్ని ఉన్నా సంతోషించలేకపోతున్నానే అన్న నేరభావం కూడా తోడవుతుంది. అతణ్ణి ముందు డాక్టరు దగ్గరకు తీసుకురండి. మిగిలిన మామూలు రాత్రులకు, మామూలు దిగుళ్లకు, మీ చిట్టా మీరు కట్టించండి. నేను అడ్డురాను.

మావయ్య: ఆ షరతు నా చిట్టాలో జమ పక్కన రాసుకుంటాను తల్లీ.

ఇద్దరి వాదాన్నీ విన్న తర్వాత నాకు తేలినది ఇది. రోజు చివర కృతజ్ఞత నిద్రమందు కాదు. రుజువులు చూపే ఫలితం చిన్నది, అయినా నిజమైనది. అది పనిచేసే చోటు ఇరుకైనది: మంచమెక్కిన తర్వాత మనసు పట్టే దారి. రేపటి పనులను ముందే కాగితం మీద దించాలి. జబ్బును డాక్టరుకు చూపాలి. అన్యాయంతో పగలు తలపడాలి. ఇవేవీ కృతజ్ఞత వల్ల మాఫీ కావు. వీటన్నిటి తర్వాత కూడా, ఏ లోటూ లేని శరీరం చీకట్లో కళ్లు తెరుచుకుని ఉండే రాత్రులు మిగులుతాయి. ఆ రాత్రులకు ఇంత తక్కువ ఖర్చుతో, ఇంత తక్కువ హానితో దొరికే తోడు అరుదు. అందుకే మావయ్య పక్షమే నిలుస్తుందంటాను, మేనకోడలు పెట్టిన ప్రతి షరతుతో సహా. ఆ షరతులు లేకపోతే ఆయన మాట చిట్కాగానే మిగిలిపోయేది.

నిద్రపోవడమంటే కొన్ని గంటలపాటు లోకాన్ని ఇతరుల చేతిలో పెట్టడం. మనం కళ్లు మూసుకున్న వేళ ఆస్పత్రి వార్డులో నర్సు మేలుకుని ఉంటుంది. సబ్‌స్టేషన్‌లో ఎవరో కూర్చుని ఉంటారు. రైలింజనులో లోకో పైలట్ సిగ్నల్ చూస్తూ ఉంటాడు. తెల్లారేసరికి వాకిట్లోకి రావలసిన పాల ప్యాకెట్ల కోసం ఎక్కడో ఒక లారీ నడుస్తూ ఉంటుంది. ఎరిగినా ఎరగకపోయినా మన నిద్ర వాళ్ల మెలకువ మీద ఆనుకుని ఉంది. దాన్ని ఎరగడమే కృతజ్ఞత. ఈ రాత్రి కూడా నిద్రపట్టకపోతే పైకప్పుకేసి చూడడం తప్పదు, చూద్దాం. వాసాలు లెక్కపెట్టాలనిపిస్తే లెక్కపెడదాం. కాకపోతే ఇవి ఎన్ని, ఎంత ఖరీదు అని కాకుండా, ఒక్కొక్కదాన్నీ ఎవరు మోసుకొచ్చారు, ఎవరు పైకెత్తారు, ఎవరు మేకు కొట్టారు అని అడుగుతూ లెక్కపెడదాం. ఆ లెక్క సగంలో ఉండగానే కళ్లు మూతపడితే, మిగతా వాసాలు ఎప్పటిలాగే ఇంటిని మోస్తూ ఉంటాయి.